సముద్రమంటే నాకు భయం, పిల్లలకేమో తాబేళ్లు కావాలి: మారిషస్‌లో ఎక్కడ ఉండాలి, ఏం చూడాలి?

ప్రశ్న: మాది కాకినాడ. దసరా సెలవుల్లో ఆరు రాత్రులు మారిషస్ వెళ్దామనుకుంటున్నాం. నేను, మావారు, తొమ్మిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, మా అత్తగారు. మాలో ఎవరికీ ఈత రాదు. నా చిన్నప్పుడు మా బంధువుల అబ్బాయి ఉప్పాడ దగ్గర కెరటాల్లో కొట్టుకుపోయాడు. అప్పటినుంచీ నేను మోకాలి లోతు నీళ్లలోకి కూడా దిగలేదు. ట్రావెల్ ఏజెంటు ఇచ్చిన ప్యాకేజీలో ఇల్ ఓ సెర్ఫ్ దీవి, డాల్ఫిన్లతో ఈత, సింహాలతో నడక, ఏడు రంగుల మట్టి, షాపింగ్, ఇలా రోజుకొకటి ఉన్నాయి. పాపకి తాబేళ్లంటే ప్రాణం. బాబు వీడియోలు చూసి సింహాల పక్కన నడవాలని పట్టుబట్టాడు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, పైగా శుద్ధ శాకాహారి. ఏ బీచ్‌లో పిల్లల్ని ధైర్యంగా నీళ్లలోకి దించవచ్చు? ఏ జంతువుల్ని చూపించాలి? వీటిలో ఏవి మానుకోవాలి?
– ఒక తల్లి, కాకినాడ

సమాధానం: అమ్మా, మీరు అడిగింది బీచ్‌ల గురించీ జంతువుల గురించీ. నాకు ముందు కనిపించింది మీ భయం. దాన్ని పోగొట్టుకోమని నేను చెప్పను. ఉప్పాడలో ఇళ్లనూ వీధులనూ సముద్రం ఎలా మింగుతోందో మీ ప్రాంతంవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఒక్కసారి మీ ఊరి సంగతే ఆలోచించండి. ఉప్పాడలో అంత కోపంగా ఉన్న సముద్రం కాకినాడ రేవు దగ్గరికి వచ్చేసరికి ఎందుకంత నిదానంగా ఉంటుంది? ఎదురుగా హోప్ ఐలాండ్ ఉంది కాబట్టి. సుమారు 16 కిలోమీటర్ల ఆ ఇసుక తిన్నె కెరటాల దెబ్బని తను కాసి, లోపలి నీళ్లని చెరువులా ఉంచుతోంది.

మారిషస్‌కి అలాంటి అడ్డుకట్ట ఒక పక్కన కాదు, దాదాపు చుట్టూరా ఉంది. అది ఇసుకది కాదు, పగడాలది. ఒడ్డున నిలబడి చూస్తే దూరంగా తెల్లటి నురుగు గీత ఒకటి కనిపిస్తుంది, సన్నగా హోరు కూడా వినిపిస్తుంది. హిందూ మహాసముద్రం వచ్చి విరిగేది అక్కడ. ఆ గీతకీ ఒడ్డుకీ మధ్యనున్న నీళ్లని లగూన్ అంటారు. చాలాచోట్ల నడుము లోతే ఉంటుంది, అడుగున ఇసుక కనిపిస్తుంది. మీరు చూసిన సముద్రం ఉప్పాడది, పిల్లల్ని దించబోయేది ఈ లగూన్‌లో. రెండూ ఒకటి కావు.

అయితే హోప్ ఐలాండ్‌కి అంచు ఉన్నట్టే ఆ పగడపు దిబ్బకీ గండ్లు ఉన్నాయి. వాగులు వచ్చి కలిసేచోట మంచినీళ్లలో పగడం పెరగదు, అక్కడ దిబ్బ తెగిపోతుంది. లగూన్‌లోకి వచ్చిన నీళ్లన్నీ తిరిగి బయటికి పోయేది ఆ గండ్లలోంచే. అందుకని నురుగు గీత తెగిపోయి నీలం ముదురుగా కనిపించేచోటికి పడవ తప్ప మనిషి వెళ్లకూడదు. దక్షిణాన సుయాక్ ఊరి దగ్గర గ్రీ గ్రీ అనే చోట దిబ్బే లేదు. కెరటాలు నేరుగా వచ్చి రాళ్లకి కొట్టుకుంటాయి. చూడటానికి గొప్పగా ఉంటుంది, గట్టుమీద నిలబడి చూడండి. నీళ్లలో కాలు పెట్టవద్దు. మారిషస్‌లో ఉప్పాడ అంటే అదేననుకోండి.

ఇక ఏ బీచ్ అంటే, ముందు గాలి ఎటునుంచి వస్తుందో చూసుకోవాలి. మే నుంచి అక్టోబరు దాకా అక్కడ చలికాలం. ఆగ్నేయం నుంచి గాలి ఆగకుండా వీస్తుంది. ఆ నెలల్లో తూర్పు తీరంలో బెల్ మార్, దక్షిణ తీరంలోని బీచ్‌లు ఫొటోల్లో ఎంత బాగున్నా, చిన్నపిల్లలకి ఇసుక కళ్లలో కొట్టి చలి పుట్టిస్తాయి. వాయవ్య, పశ్చిమ తీరాలు కొండల చాటున ఉంటాయి. దసరా నాటికి గాలి తగ్గుముఖం పడుతుంది, వానలు తక్కువ, తుఫానుల కాలం ఇంకా మొదలవదు. మంచి సమయమే ఎంచుకున్నారు. నీళ్లు మాత్రం మనకి కాస్త చల్లగా అనిపిస్తాయి. పిల్లలకి మోచేతులదాకా కప్పే ఈత చొక్కాలు కొనండి. చలికీ ఎండకీ రెండింటికీ పనికొస్తాయి.

నన్నడిగితే మొదటి నాలుగు రాత్రులు వాయవ్యంలో ట్రూ ఓ బిష్ దగ్గర దిగండి. నాలుగేళ్ల పాపకి అంతకంటే నెమ్మదైన నీళ్లు ఆ దీవిలో నేను చూడలేదు. తెల్లటి మెత్తటి ఇసుక, లోతు కొద్దికొద్దిగా పెరుగుతుంది, కెరటమంటూ దాదాపు ఉండదు. పక్కనే మోం ష్వాజీ బీచ్. పొడవాటి వంపు, వెనకాల సరుగుడు తోట. ఆ చెట్లని చూస్తే మన కోస్తా తీరమే గుర్తొస్తుంది. అత్తగారికి ఆ నీడలో మడత కుర్చీ వేస్తే సాయంత్రం దాకా హాయిగా కూర్చుంటారు. ఆదివారం వెళితే ఇంకా బాగుంటుంది. అక్కడివాళ్లు పెద్ద పెద్ద గిన్నెలతో బిర్యానీ తెచ్చుకుని, చాపలు పరుచుకుని, రావన్ అనే డప్పు వాయిస్తూ సెగా పాటలు పాడుకుంటారు. పిల్లలు పిల్లలతో కలిసిపోతారు, భాష అడ్డు రాదు. ఇంకో మాట. హోటల్ ముందున్నంతమాత్రాన ఇసుక హోటల్‌ది అయిపోదు. నీళ్ల అంచు వెంబడి ఎవరైనా నడవచ్చు. కాబట్టి బీచ్‌ని ఆనుకున్న ఖరీదైన గది కోసం తాపత్రయపడక్కర్లేదు. పది నిమిషాలు నడిచే దూరంలో వంటగది ఉన్న చిన్న అపార్ట్‌మెంటు తీసుకుంటే పాపకి పాలూ, అత్తగారికి అన్నమూ మీ చేతుల్లో ఉంటాయి.

గాలి చాటున ఉన్న తీరంలో ఎవరూ చెప్పని అపాయం ఒకటుంది. అక్కడ గాలి నేల మీదినుంచి సముద్రం వైపు వీస్తుంది. ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా ఉండటానికి కారణం అదే. గాలి ఊదిన రబ్బరు రింగుల్నీ, పరుపుల్నీ లోపలికి లాక్కుపోయేదీ అదే. మా మనవడికి నాలుగేళ్లప్పుడు వాడితో వెళ్లాను. హోటల్‌వాళ్లు బాతు ఆకారంలో ఉన్న రింగు ఇచ్చారు. వాడు అందులో కూర్చున్నాడు, మా అల్లుడు ఫోను తీయడానికి రెండడుగులు వెనక్కి వేశాడు. తిరిగి చూసేసరికి బాతు పదిహేను గజాల దూరంలో ఉంది. నీళ్లు ఇంకా నడుము లోతే కాబట్టి పరిగెత్తి పట్టుకున్నాడు. ఆ పదిహేను గజాలు నా ఒంట్లోంచి ఇప్పటికీ పోలేదు. రింగులు, గాలి పరుపులు వద్దు. పాప బరువుకి సరిపడే లైఫ్ జాకెట్ ఇక్కడే కొని తీసుకెళ్లండి. కాళ్ల మధ్యనుంచి పట్టీ వచ్చే రకం చూసుకోండి, లేకపోతే నీళ్లలో జాకెట్ పైకి లేచి పిల్ల కిందికి జారిపోతుంది.

మీకు ఈత రాకపోయినా పరవాలేదు. పాప నీళ్లలో ఉన్నంతసేపూ చెయ్యి చాస్తే అందేంత దూరంలో పెద్దవాళ్లొకరు ఉండాలి, ఆ మనిషి చేతిలో ఫోను ఉండకూడదు. బాబు నడుము లోతు దాటకూడదు. పెద్ద పబ్లిక్ బీచ్‌లలో ఈతకని తాళ్లూ బోయాలూ కట్టి హద్దు పెడతారు. ఆ హద్దు కెరటాల కోసం కాదు, స్పీడుబోట్ల కోసం. దాని లోపలే ఉండండి. గార్డు కూర్చునే చోటు ఎక్కడుందో వెళ్లగానే చూసుకుని దానికి ఎదురుగా చాప వేసుకోండి. మొదటి రోజు మీరు కూడా పాప చెయ్యి పట్టుకుని చీలమండ లోతుకి దిగి నిలబడండి. అంతకుమించి ఆ రోజు అక్కర్లేదు.

కాళ్లకి రబ్బరు అడుగున్న నీటి బూట్లు అందరికీ కావాలి. పగడపు ముక్కలు కోసుకుంటాయి, రాళ్ల సందుల్లో నల్లటి ముళ్లతో సీ అర్చిన్లు ఉంటాయి. అరుదుగానే గానీ స్టోన్‌ఫిష్ కూడా ఉంటుంది. అచ్చం రాయిలా కదలకుండా పడుకునే చేప. వీపు ముళ్లలో విషం ఉంటుంది, తొక్కితే నొప్పి భరించలేరు. గుచ్చుకుంటే కాలు కాలిపోనంత వేడి నీళ్లలో పాదాన్ని ఉంచండి. వేడికి ఆ విషం బలం తగ్గుతుంది. అలా ఉంచుతూనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ అంబులెన్సు నంబరు 114, ఫోన్లో రాసి పెట్టుకోండి. ఇంకొకటి, గవ్వలూ పగడాలూ ఏరి సంచిలో వేసుకోనివ్వకండి. అక్కడ అది చట్టవిరుద్ధం. పిల్లలకి ముందే చెప్పి ఉంచితే విమానాశ్రయంలో ఏడుపులు ఉండవు.

ఇప్పుడు మీ ప్యాకేజీ. ఇది చాలావరకు కొట్టేయాల్సిన ప్యాకేజీ అమ్మా.

ముందుగా డాల్ఫిన్లు. తామరిన్ తీరం దగ్గర పొద్దున్నే కనిపించేవి స్పిన్నర్ డాల్ఫిన్లు. అవి రాత్రంతా లోతు సముద్రంలో వేటాడి, పగలు పడుకోవడానికి ఒడ్డు దగ్గర నిదానమైన నీళ్లలోకి వస్తాయి. మనం వెళ్లేది వాటి నిద్రవేళలో. నేను వెళ్లిన రోజు ఇరవై పడవలకు పైగా చుట్టుముట్టాయి. డాల్ఫిన్లు ఎటు తిరిగితే అటు ఇంజన్లు, వాటి ముందుకి దూకమని మనుషులకి కేకలు. పక్క పడవలో ఒక చిన్నపిల్ల భయపడి తల్లి మెడ వదల్లేదు. నాకు ఆ రోజు డాల్ఫిన్లు గుర్తులేవు, ఆ పిల్ల మొహమే గుర్తుంది. ఈత రాని కుటుంబాన్ని లగూన్ బయట లోతు నీళ్లలో దూకమనడమే తప్పు. అది కాక, పడుకున్నవాళ్లని లేపి మరీ చూడటం అవుతుంది. ఇది తీసేయండి.

సింహాలతో నడక కూడా తీసేయండి. మొదటి సంగతి, అలాంటి నడకలకి చిన్నపిల్లల్ని రానివ్వరు. మీ బాబు అక్కడిదాకా వెళ్లి గేటు దగ్గర ఏడవాల్సి వస్తుంది. రెండోది, ఎవరి పక్కనైనా నడిచేంత లొంగిన సింహం అంటే పుట్టినప్పటినుంచీ మనుషుల చేతుల్లో పెరిగిందని అర్థం. అది అడవికి పోయేది లేదు. ఆ ద్వీపం అడవుల్లో సింహాలు ఎప్పుడూ లేవు కూడా. బాబుకి ఆ ముక్క నిజాయతీగా చెప్పండి, తొమ్మిదేళ్లవాడికి అర్థమవుతుంది. వాడికి పెద్ద జంతువులే చూడాలనుంటే పశ్చిమ తీరంలో కాసెలా పార్కు ఉంది. 1979లో పక్షుల పార్కుగా మొదలై ఇప్పుడు చాలా పెద్దదైంది. జిరాఫీకి ఆకులు తినిపించవచ్చు, బండిలో కూర్చుని జీబ్రాలనీ ఉష్ట్రపక్షుల్నీ దగ్గరగా చూడవచ్చు. ఒక పూట చాలు.

ఇల్ ఓ సెర్ఫ్ అంటే జింకల దీవి. ఇప్పుడు పేరులోనే జింకలు. లగూన్ అందమైనదే, కాదనను. కానీ పక్క దీవికీ దానికీ మధ్యనున్న కాలువలో ప్రవాహం బలంగా ఉంటుంది. చూడటానికి లోతు లేనట్టు ఉండి నడుస్తూ దాటబోయినవాళ్లని లాగేస్తుంది. పైగా మీరు వెళ్లేటప్పుడు తూర్పున గాలి ఇంకా పూర్తిగా తగ్గి ఉండదు. ఒక రోజంతా పడవల వెంట తిరిగి అలసిపోయే బదులు ఆ రోజుని తాబేళ్లకి ఇవ్వండి.

మీ పాప అదృష్టం, తాబేళ్ల కోసం వెళ్లాల్సిన దేశానికే వెళ్తోంది. దక్షిణాన లా వనీల్ అనే పార్కు ఉంది. 1985లో ఓవెన్ గ్రిఫిత్స్ అనే ఆస్ట్రేలియా జీవశాస్త్రవేత్త మొసళ్ల పెంపకంతో మొదలుపెట్టాడు. ఇప్పుడక్కడ అల్డాబ్రా జాతి రాక్షస తాబేళ్లు వెయ్యికి పైగా ఉన్నాయి. కంచె బయటనుంచి చూడటం కాదు, వాటి మధ్యకే వెళ్లవచ్చు. పెద్దవి రెండు వందల కిలోలు దాటతాయి, మెడ సాచితే దాదాపు మీ పాపంత ఎత్తు కనిపిస్తాయి. మెడ కింద మెల్లగా గోకితే నాలుగు కాళ్లమీద పైకి లేచి మెడ సాచి నిలబడతాయి. ఆ క్షణంలో మా మనవడు ఊపిరి బిగబట్టి నా చీర కొంగు పట్టుకున్నాడు, తర్వాత గంటన్నర అక్కడినుంచి కదల్లేదు. ఆకులు తినిపించేటప్పుడు అరచేయి చాపి పెట్టమనండి, వేళ్లు నోటి దగ్గరికి పోకూడదు. ఎవరెంత చెప్పినా వీపు మీద కూర్చోబెట్టకండి. బయటికి రాగానే సబ్బుతో చేతులు కడిగించాలి, తాబేళ్ల ఒంటిమీద కడుపు నొప్పి తెచ్చే క్రిములు ఉంటాయి. బాబుకి అక్కడే మొసళ్లకి మేత వేయడం చూపించండి. సింహం సంగతి కాసేపైనా మరిచిపోతాడు. ఆ పార్కు హోటల్లో మొసలి మాంసం వండుతారు. అత్తగారిని అటు తీసుకెళ్లకుండా, ముందే ఏదైనా కట్టుకుని వెళ్లండి.

ఆ తాబేళ్లు మారిషస్‌వి కావన్న సంగతి బాబుకి తప్పకుండా చెప్పండి. ఆ దీవికి తనవైన రాక్షస తాబేళ్ల జాతులు రెండుండేవి. తిండీ నీళ్లూ లేకుండా నెలల తరబడి బతుకుతాయని ఓడలవాళ్లు వాటిని వెల్లకిలా పడేసి, మాంసం కోసం నిల్వ పెట్టుకునేవాళ్లు. 18వ శతాబ్దం తొలినాళ్లకే అవి అయిపోయాయి. డోడో పక్షి అంతకుముందే పోయింది. డచ్చివాళ్లు 1598లో వచ్చారు, దాన్ని చివరిసారిగా చూశామన్న నమ్మదగిన మాట 1662 నాటిది. ఎగరలేని పక్షి, నేలమీద గుడ్డు పెడుతుంది. ఓడల్లో వచ్చిన ఎలుకలూ పందులూ కోతులూ ఆ గుడ్లని మిగల్చలేదు. హిందూ మహాసముద్రంలోని రాక్షస తాబేళ్లలో ఒక్క అల్డాబ్రా జాతి మాత్రం, మనుషులు పెద్దగా వెళ్లని అల్డాబ్రా అనే పగడపు దీవి మీద మిగిలింది. వాటినైనా కాపాడమని 1874లో మారిషస్ గవర్నరుకి రాసిన ఉత్తరం మీద సంతకం పెట్టినవాళ్లలో చార్లెస్ డార్విన్ కూడా ఉన్నాడు. మీ పాప ఆకు తినిపించబోయేది ఆ జాతికే.

ఇక నా మనసుకి అన్నిటికంటే దగ్గరైన చోటు. దీన్ని మీ ఏజెంటు చెప్పి ఉండడు. ఆగ్నేయాన మహేబూర్ పట్టణానికి ఎదురుగా ఇల్ ఓ జెగ్రెత్ అనే బుల్లి దీవి ఉంది. మొత్తం 26 హెక్టార్లు. మారిషస్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్ వాళ్లు దాన్ని చూసుకుంటారు. ఎలుకల్నీ, బయటి మొక్కల్నీ తీసేసి, మనుషులు రాకముందు ఆ తీరం ఎలా ఉండేదో అలా తిరిగి పెంచుతున్నారు. నల్ల చేవ (ఎబొనీ) చెట్లు, నలికండ్ల పాములాంటి టెల్‌ఫెయిర్ స్కింకులు, గులాబీ రంగు పావురాలు. ఆ పావురాలు 1990 ప్రాంతంలో అడవిలో పది దాకా మాత్రమే మిగిలాయి, ఇప్పుడు వందల్లో ఉన్నాయి. అక్కడ కూడా అల్డాబ్రా తాబేళ్లని వదిలారు, ఊరికే చూపించడానికి కాదు. అంతరించిన తాబేళ్లు చేసిన పని ఇప్పుడు ఇవి చేస్తున్నాయి. నల్లచేవ పళ్లు తిని, గింజల్ని దూరంగా విసర్జిస్తాయి, అక్కడ మొక్కలు లేస్తాయి. ఈ దీవి మీద కంచె లేదు, మేత వేయడం లేదు. గైడుతో దారి వెంట నడుస్తుంటే పొదలోంచి తాబేలు దానంతట అది వస్తుంది. రాకపోవచ్చు కూడా. పిల్లలకి ఆ ఎదురుచూపు కూడా రుచి చూపించండి.

గైడు లేకుండా వెళ్లనివ్వరు, ముందే బుక్ చేసుకోవాలి. పడవ ఎక్కిదిగడం, గతుకుల దారి, గంటన్నరపైన నడక ఉంటాయి, కాబట్టి అత్తగారికి కష్టం. మీరూ మీవారూ తలో పూట పంచుకోండి. ఒకరు పిల్లల్తో వెళితే ఒకరు ఆవిడతో మహేబూర్ ఒడ్డున కూర్చోవచ్చు. సోమవారమైతే అక్కడ పెద్ద సంత జరుగుతుంది.

అందుకే చివరి రెండు రాత్రులు అటువైపు, బ్లూ బే దగ్గర ఉండమంటాను. విమానాశ్రయం పక్కనే, తిరుగు ప్రయాణం రోజు పరుగులు ఉండవు. ఇల్ ఓ జెగ్రెత్ దగ్గర, లా వనీల్ కూడా కారులో ఎంతో దూరం కాదు. ట్రూ ఓ బిష్ నుంచి ఇవన్నీ రోజూ తిరిగి వస్తే పాప కారులోనే నిద్రపోతుంది. బ్లూ బే 1997 నుంచి రక్షిత సముద్ర పార్కు. అక్కడ అడుగున అద్దం ఉన్న పడవలు దొరుకుతాయి. అత్తగారిని తప్పకుండా ఎక్కించండి. కాళ్లు తడవకుండా, కూర్చున్నచోటునుంచే పగడాలూ రంగు చేపలూ చూస్తారు. ఎండ పెరిగి సముద్రం వేడెక్కినప్పుడు పగడాలు తెల్లబడి దెబ్బతిన్నాయి, ఫొటోల్లోని రంగులన్నీ ఇప్పుడు ఉండవు. అయినా చాలానే ఉన్నాయి. నీళ్లలోకి దిగేవాళ్లు పగడం మీద నిలబడవద్దు, అది రాయి కాదు, ప్రాణి. అక్టోబరులో ఇటువైపు గాలి కొంచెం ఉంటుంది. గాలి ఎక్కువైన రోజు పడవకి పొద్దున్నే వెళ్లండి.

2020 జులైలో వకాషియో అనే సరుకు ఓడ దిబ్బనెక్కి ఆగిపోయింది ఈ తీరంలోనే. కొద్ది రోజులకి ఓడ పగిలి దాదాపు వెయ్యి టన్నుల నూనె లగూన్‌లోకి కారింది. అక్కడి జనం ప్రభుత్వం కోసం ఎదురుచూడకుండా, గోనె సంచుల్లో, గుడ్డల్లో చెరకు ఆకు కూరి పొడవాటి దిండ్లు కుట్టి నీళ్లలో అడ్డం వేశారు. బడిపిల్లలు కూడా కుట్టారు. మీ బాబు ఈడు పిల్లలు. ఆ ఒడ్డున కూర్చున్నప్పుడు వాడికి ఈ కథ చెప్పండి.

ట్రూ ఓ బిష్‌లో ఉన్న రోజుల్లో ఒక పూట పాంప్లెమూస్ తోటకి వెళ్లండి. పళ్లేలంత, కాదు, పెద్ద పెద్ద తాంబాళాలంత ఆకులున్న కలువలు ఒక కొలను నిండా ఉంటాయి, ఒక పక్కన తాబేళ్లూ జింకలూ. దారులు చదునుగా ఉంటాయి కాబట్టి అత్తగారు నడవగలరు. ఏడు రంగుల మట్టి చూడకపోతే కొంపేం మునగదు, పిల్లలకి అది పది నిమిషాల ముచ్చట. షాపింగ్ రోజు పూర్తిగా తీసేసి బీచ్‌కి ఇవ్వండి. సాయంత్రం చీకటి పడేవేళ గది ముందు మామిడి చెట్టు ఉంటే పైకి చూడండి. కాకి కంటే పెద్ద గబ్బిలాలు తీరిగ్గా రెక్కలు కొట్టుకుంటూ వస్తాయి. ఆ దీవిలో మనుషులకంటే ముందునుంచీ ఉన్న జంతువులు అవి, చూడటానికి టిక్కెట్టు లేదు. ఆ వేళకి దోమలు కూడా వస్తాయి, ఒంటికి మందు రాయండి.

అత్తగారి తిండి గురించి బెంగ వద్దు. అక్కడ వీధి బళ్ల మీద దొరికేది ధాల్ పూరీ, అంటే పప్పు పొడి పెట్టి చేసిన మెత్తటి రొట్టెలో చిక్కుడు గింజల కూరా, పచ్చడీ. గాతో పిమాన్ అనేవి అచ్చం మన మసాలా వడలే, కాస్త చిన్నవి. అలూదా అనే చల్లటి పాలలో సబ్జా గింజలు వేసిస్తారు. కూరలో మాంసం కలిసిందేమో అడిగి తీసుకోండి, అంతే. గంగా తలావ్ సరస్సుకి ఆవిడ తప్పక వెళ్దామంటారు. అక్కడ శివుడి విగ్రహం 33 మీటర్ల ఎత్తు. అరటిపళ్లు మాత్రం సంచి లోపల, జిప్పు వేసి ఉంచండి. డోడో గుడ్లు తిన్న కోతుల సంతతి ఇంకా అక్కడే ఉంది. పాప చేతిలో పండు కనిపిస్తే లాక్కుంటాయి.

ఆవిడతో మాట్లాడేవాళ్లు కూడా దొరకవచ్చు. 19వ శతాబ్దంలో చెరకు తోటల్లో పనికి వెళ్లిన మన తెలుగువాళ్లని అక్కడ కోరంగీలు అని పిలిచేవారు, మీ కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరుతో. ఇప్పటికీ ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు, సింహాద్రి అప్పన్నని కొలుస్తారు. ఇంట్లో అక్కడి క్రియోల్ భాష మాట్లాడే ముసలమ్మలు రామభజన మాత్రం తెలుగులో పాడటం నేను విన్నాను. కాబట్టి వెళ్లేముందు ఒక ఆదివారం పిల్లల్నీ అత్తగారినీ కోరంగి మడ అడవికి తీసుకెళ్లండి. చెక్క దారి మీద నడిచి ఏటిదాకా వెళ్లి, ఓడలు ఇక్కడినుంచే పోయాయని చూపించండి. పాపకి కొత్త లైఫ్ జాకెట్ ఆ రోజు వేసి, ఓ గంటసేపు విప్పకుండా ఉంచుకుంటుందేమో కూడా చూడండి.